చెల్లికి 18 రోజులుగా జ్వరం, కల్చర్లన్నీ నెగటివ్: స్టెరాయిడ్‌కి ఒప్పుకోవాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. గాజువాకలో ఉంటున్న మీ చెల్లికి 26 ఏళ్లు. గొంతు నొప్పితో మొదలై 18 రోజులుగా రోజూ 103 దాటి జ్వరం. మోకాళ్లు, మణికట్లు పట్టేశాయి. యాంటీబయాటిక్‌లు మూడు మార్చారు. రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే బ్లడ్ కల్చర్ రెండుసార్లు పంపితే ఏమీ పెరగలేదు. తెల్లకణాలు 19,000, ఫెరిటిన్ 9,400. ఇప్పుడు రెండో ఆసుపత్రిలో డాక్టరుగారు "ఇది ఇన్ఫెక్షన్‌లా లేదు, స్టిల్స్ డిసీజ్ అనుకుంటున్నాం, స్టెరాయిడ్ మొదలుపెడదాం" అన్నారు. మీరు అడిగినవి మూడు. లోపల ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉండగా స్టెరాయిడ్ ఇస్తే మనిషి దక్కుతుందా? మొదటి ఆసుపత్రి వాళ్లు ఇన్నాళ్లూ తప్పు వైద్యం చేశారా? మాఘంలో పెళ్లి ఉంది, అవతలి వాళ్లకి ఏం చెప్పాలి?

నేను విశాఖలోనే ఇరవై ఏళ్లకు పైగా జ్వరాలు, కీళ్ల జబ్బులు చూస్తున్నాను. మనిషిని చూడకుండా, కడుపు మీద చెయ్యి వేయకుండా జబ్బు పేరు చెప్పేవాణ్ణి కాను. కానీ మీరు రేపు పొద్దున డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మాత్రం చెప్పగలను.

ముందు రెండో ప్రశ్న తీసేద్దాం, ఎందుకంటే అది మనసులో ముల్లులా ఉంటే మిగతాది వినబడదు. మొదటి ఆసుపత్రి వాళ్లు చేసింది తప్పు కాదు. మన ఊళ్లో పది రోజుల జ్వరంతో వచ్చిన మనిషికి మలేరియా, డెంగీ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరా, టీబీ చూడకుండా స్టిల్స్ డిసీజ్ అనే డాక్టరు ఉంటే ఆయన దగ్గరికి నేను మా వాళ్లని పంపను. స్టిల్స్ అంటే సూక్ష్మజీవి లేకుండానే ఒళ్లు తనంతట తనే జ్వరం, వాపు తెచ్చుకునే జబ్బు. ఏడాదికి లక్ష మందిలో ఒకరికి కూడా కొత్తగా రాని జబ్బు. మలేరియాకి మన ఏజెన్సీ కొండలు ఎప్పట్నుంచో పుట్టిల్లు. పైగా నిజమైన సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిలో, గంటలు ఆలస్యమైతే ప్రాణం పోతుంది, స్టిల్స్‌లో మాత్రం సాధారణంగా రెండు రోజులు ఆగినా కొంప మునగదు. అందుకే ఇన్ఫెక్షన్ అనుకుని మొదలుపెట్టడమే లెక్క. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నాలుగో యాంటీబయాటిక్, ఐదో యాంటీబయాటిక్ అని మారుస్తూ పోయి, ఒక్కరోజైనా కేస్ షీటు మొదటి పేజీకి వెనక్కి వెళ్లి చదవకపోవడంలో. మీ చెల్లి విషయంలో 18వ రోజుకే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లి చదివారు. ఇలాంటి కేసుల్లో అది తొందరగా జరిగినట్టే.

(ఒక్క వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ ముద్ర వేసేయడం మాత్రం మన దగ్గర పాత జాడ్యం. మీ రిపోర్టుల్లో అలాంటిది ఉంటే దానికి పెద్ద విలువ ఇవ్వకండి. టైఫాయిడ్‌ని నమ్మకంగా చెప్పేది కల్చరే.)

ఇక అసలు సంగతి. ఇన్ఫెక్షన్ లేకుండా ఇన్ఫెక్షన్‌లా ఎందుకు కనిపిస్తుంది? విశాఖ వాళ్లకి చెప్పడం సులువు. తుపాను వస్తుంటే పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తారు కదా. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి పదో నంబరు దాకా వెళ్లింది. జెండా ఎగిరిందంటే పడవలు ఒడ్డెక్కుతాయి, బడులు మూస్తారు, కరెంటు తీసేస్తారు. ఒంట్లోనూ అంతే. సూక్ష్మజీవి దూరగానే తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు వదులుతాయి. వాటి వల్లే జ్వరం, వాటి వల్లే లివర్ సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారు చేస్తుంది, వాటి వల్లే తెల్లకణాలు పెరుగుతాయి. స్టిల్స్ లాంటి జబ్బుల్లో తుపాను లేకుండానే పదో నంబరు ఎగురుతుంది. సముద్రం ప్రశాంతంగానే ఉంటుంది, ఊరు మాత్రం మొత్తం మూతపడుతుంది. ఇలాంటి జబ్బుల గుంపుకి ఆటోఇన్‌ఫ్లమేటరీ అనే పేరు 1999లో గానీ పెట్టలేదు.

కాబట్టి సీఆర్‌పీ 200 ఉందనో, తెల్లకణాలు 19,000 ఉన్నాయనో ఇది ఇన్ఫెక్షనే అని గానీ కాదని గానీ తేల్చలేం. రెండింటిలోనూ జెండా ఒకటే. ప్రోకాల్సిటోనిన్ అనే రక్తపరీక్ష అయినా తేలుస్తుందిగా అని అడుగుతారు. అది బాక్టీరియా వైపు మొగ్గు చూపిస్తుంది నిజమే, కానీ స్టిల్స్‌లో ఇన్ఫెక్షన్ లేకుండానే అదీ పెరిగిన వాళ్లని చూశాను. ఇక మీరు కంగారుపడ్డ ఫెరిటిన్. అది ఇనుము నిల్వ చూపించే ప్రొటీన్, ఆడవాళ్లలో మామూలుగా వందల్లో కూడా కింది అంకెల్లోనే ఉంటుంది. 9,400 అంటే చాలా ఎక్కువ. స్టిల్స్‌కి అది గట్టి సూచన, రుజువు మాత్రం కాదు. లివర్ దెబ్బతిన్నా, కిడ్నీలు పోయినా, లింఫోమా (లింఫు కణాల కేన్సర్) ఉన్నా, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లోనూ వేలల్లోకి వెళ్తుంది.

మరి దేన్ని నమ్మాలి? జ్వరం నడకని నమ్మాలి.

కొన్నేళ్ల క్రితం ఒక అమ్మాయి, మీ చెల్లి వయసే, మూడు వారాల జ్వరంతో నా వార్డులో ఉంది. రోజూ పొద్దున తొమ్మిదికి రౌండ్స్‌కి వెళ్తే మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూ ఉండేది. టెంపరేచర్ 98. ఒంటి మీద ఏమీ లేదు. కేస్ షీటులో రోజూ "దద్దుర్లు లేవు" అని మేమే రాశాం, నా అక్షరాలతో సహా. వాళ్లమ్మ మాత్రం "సాయంత్రం ఒళ్లంతా ఎర్రగా పొక్కుతుంది డాక్టరుగారూ" అని రోజూ చెప్తూనే ఉంది. మేం మందు పడలేదేమో అనుకుని ఇంకో యాంటీబయాటిక్ ఆపాం. ఐదో రోజో ఆరో రోజో ఆవిడ విసిగిపోయి ఫోను నా చేతిలో పెట్టింది. రాత్రి ఏడున్నరకి తీసిన ఫొటో. నడుము చుట్టూ లంగా బొందు కట్టే చోట ఎర్రటి గీత, తాడు అచ్చు గుద్దినట్టు. జబ్బలు, తొడల మీద లేత మచ్చలు. పక్కనే థర్మామీటరు, 103.6. నేను ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా వార్డులోనే ఉన్నాను. ఏడింటికి చలి మొదలైంది, ఎనిమిదికి మచ్చలు తేలాయి, పదింటికి చెమటలు పట్టి జ్వరం జారిపోయింది, దాంతోపాటే మచ్చలూ.

అది స్టిల్స్ నడక. రోజుకి ఒకసారి, కొందరిలో రెండుసార్లు, ఎక్కువగా సాయంత్రాలు, ఒక్కసారిగా ఎగిసి మళ్లీ మామూలుకి దిగిపోయే జ్వరం. జ్వరంతో వచ్చి జ్వరంతో పోయే మచ్చలు, గట్టిగా రుద్దిన చోట, బట్ట బిగిసిన చోట ఎక్కువగా తేలతాయి. పుస్తకాల్లో వీటి రంగు సాల్మన్ చేప మాంసం రంగు అని రాస్తారు. తెల్లతోలు వాళ్ల కోసం రాసిన మాట అది. మన చామనచాయ ఒంటి మీద అవి లేత గోధుమ ఎరుపులో, ఒక్కోసారి పక్క నుంచి వెలుతురు పడితే తప్ప కనబడనంత పలచగా ఉంటాయి. కాబట్టి ఇవాళ సాయంత్రం నుంచే మీ ఇంట్లో ఒకరు రెండు గంటలకోసారి టెంపరేచర్ చూసి టైముతో సహా నోట్‌బుక్కులో రాయండి. పారాసిటమాల్ ఎప్పుడు వేశారో కూడా పక్కనే రాయండి, లేకపోతే ఆ అంకెలకి అర్థం ఉండదు. మచ్చ కనబడితే ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులోనో ట్యూబులైటు పక్క నుంచో ఫొటో తీయండి.

ఈ జబ్బు పేరు లండన్ పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్‌ది. పిల్లల్లో కీళ్లవాతం గురించి ఆయన 1897లో రాశారు. పెద్దవాళ్లలోనూ ఇదే వస్తుందని ఎరిక్ బైవాటర్స్ 14 మందిని చూపించి రాసింది 1971లో. 1992లో జపాన్ నుంచి యమగూచి బృందం కొలమానాలు ఇచ్చింది. ఇప్పటికీ మేం వాడేది వాటినే: 39 డిగ్రీల సెల్సియస్‌కి, అంటే మన లెక్కలో 102కి, పైన వారం దాటిన జ్వరం, రెండు వారాల కీళ్ల నొప్పి, ఆ మచ్చలు, పదివేలు దాటిన తెల్లకణాల్లో 80 శాతానికి మించి గ్రాన్యులోసైట్లు అనే రకం, గొంతు నొప్పి, లివర్ పరీక్షల్లో తేడా ఇలా. మీరు రాసిన వాటిలో సగానికి పైగా ఇందులో ఉన్నాయి. కానీ ఆ కొలమానాల చివర ఒక షరతు ఉంది, దాన్ని జనం దాటేసి చదువుతారు. ఇన్ఫెక్షన్, కేన్సర్, ఇతర కీళ్ల జబ్బులు కావని తేలాకే ఈ లెక్క చెల్లుతుంది.

అంటే మీ మొదటి ప్రశ్నకి జవాబు స్టెరాయిడ్‌లో లేదు, స్టెరాయిడ్‌కి ముందు ఏం చేశారన్నదాంట్లో ఉంది.

నేనైతే ఇవి చూడకుండా మొదటి మాత్ర రాయను. కల్చర్లు యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీశారా, తరవాతా? తరవాత తీసినవైతే నెగటివ్ అన్న మాటకి బలం సగమే. వీలైతే డాక్టరుగారిని అడిగి, ఆపగలిగిన స్థితిలో ఉంటే యాంటీబయాటిక్ ఒకటి రెండు రోజులు ఆపి మళ్లీ తీయిస్తారేమో కనుక్కోండి. స్థితి బాలేకపోతే ఆపరు, అప్పుడు పట్టుబట్టకండి. గుండె కవాటాల మీద సూక్ష్మజీవులు కూర్చున్నాయేమో చూసే ఎకో తీశారా? ఛాతీ, కడుపు సీటీ లేదా పెట్ స్కాన్‌లో లివర్‌లో గడ్డ గానీ, ఎక్కడైనా పెద్ద లింఫు గ్రంథులు గానీ లేవని చూశారా? గ్రంథి ఉంటే ముక్క పరీక్షకి పంపడం స్టెరాయిడ్‌కి ముందే జరగాలి. లింఫోమా స్టెరాయిడ్‌కి తాత్కాలికంగా కరిగిపోతుంది, ఆ తరవాత బయాప్సీ తీస్తే ఏమీ దొరక్క నెలలు పోతాయి. టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి పరీక్షలు ఉన్నాయా? పడుకున్న హెపటైటిస్-బి ఈ మందులతో నిద్ర లేస్తుంది.

ఇంకొకటి, చాలామంది అడగనిది. గత నెలలో అరకో లంబసింగో వెళ్లారా, పొదల్లో కూర్చున్నారా? స్క్రబ్ టైఫస్ తెచ్చే చిన్న పురుగు కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్ల పొక్కు ఉంటుంది, నొప్పి ఉండదు. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, బట్ట బిగుతుగా ఉండే చోట దాక్కుంటుంది. రౌండ్స్‌లో మగ డాక్టర్లు అడగడానికి మొహమాటపడే చోట్లన్నమాట. నర్సమ్మనో మీ అమ్మగారినో ఒకసారి ఒళ్లంతా చూడమనండి. ఎవరూ దానికి వాడే డాక్సీసైక్లిన్ ఇవ్వకపోయి ఉంటే అది కూడా అడగండి, స్క్రబ్ అయితే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. మన తీరంలో చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగే వాళ్లకి స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు పేగుల్లో ఏళ్ల తరబడి ఊరికే ఉంటుంది. స్టెరాయిడ్ పడగానే అది ఒళ్లంతా పాకుతుంది. అందుకే నేను ముందు దాన్ని చంపే ఐవర్‌మెక్టిన్ ఇచ్చేస్తాను.

ఇవన్నీ చూసి, ఏమీ లేదని తేలి, జ్వరం నడక కూడా కలిస్తే స్టెరాయిడ్‌కి భయపడకండి. అప్పుడు ఇవ్వకపోవడమే ప్రమాదం. ఆ ప్రమాదం ఏమిటో చెప్తాను, ఎందుకంటే అది ఐసీయూలో అచ్చు సెప్సిస్ వేషం వేసుకుని వస్తుంది.

స్టిల్స్ ముదిరితే కొందరిలో మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ అనేది వస్తుంది. సూక్ష్మజీవుల్ని మింగాల్సిన మాక్రోఫేజ్ కణాలు సొంత రక్తకణాలనే తినేస్తాయి. ఇదే స్థితి డెంగీ, స్క్రబ్ టైఫస్, టీబీల వెనకాల కూడా రావచ్చు, అప్పుడు దాన్ని హెచ్‌ఎల్‌హెచ్ అంటారు. గుర్తుపట్టే పద్ధతి ఇది. నిన్నటిదాకా 19,000 ఉన్న తెల్లకణాలు 4,000కి పడతాయి. ప్లేట్‌లెట్లు రోజురోజుకీ తగ్గుతాయి. జ్వరం ఇక దిగదు, రోజంతా ఉంటుంది. మనిషి మగతగా ఉంటుంది. ఫెరిటిన్ పదివేలు దాటి పరుగెడుతుంది. విచిత్రంగా, ఒంట్లో వాపుని చూపించే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష అంకె మాత్రం తగ్గుతుంది, ఎందుకంటే దాన్ని పెంచే ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) ఖర్చయిపోతుంది. ఈఎస్‌ఆర్ 110 నుంచి 20కి వచ్చిందని ఇంట్లో వాళ్లు కొబ్బరికాయ కొట్టడం నాకు తెలుసు. అదే రోజు రాత్రి ఆ మనిషిని ఐసీయూకి మార్చాం. మీ చెల్లి ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఒక్కసారిగా కిందికి వస్తుంటే "తగ్గుతోంది కదా" అనుకోకండి, వెంటనే డ్యూటీ డాక్టరుని పిలవండి. ట్రైగ్లిజరైడ్లు, ఫైబ్రినోజెన్ చూడమని అడగండి.

ఇన్ఫెక్షన్‌లా మోసం చేసే జబ్బుల్లో నన్ను నేనే క్షమించుకోలేనిది ఒకటుంది, అది స్టిల్స్ కాదు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో, పేరెందుకులెండి, కాలి మీద చిన్న పుండుతో ఒకాయన వచ్చాడు. గేదె తన్నిందన్నాడు. నాలుగు రోజుల్లో అరచేయంత అయింది, జ్వరం, భరించలేని నొప్పి. మాంసం కుళ్లిపోతోందని, నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అని, థియేటర్‌లోకి తీసుకెళ్లి చచ్చిన మాంసం కోసేశాం. రెండో రోజుకి అంచు ఇంకో రెండు వేళ్లు ముందుకి జరిగింది. మళ్లీ కోశాం. మూడోసారి కోతకి సంతకం తీసుకున్నది నేనే. కాలు తీసేయాల్సి వస్తుందేమో అని వాళ్ల పెద్దకొడుక్కి చెప్పింది కూడా నేనే. ఆ మధ్యాహ్నం చర్మవ్యాధుల మాస్టారు వేరే పేషెంటు కోసం వచ్చి ఆ మంచం దగ్గర ఆగారు. పుండు మధ్యలోకి చూడలేదు, అంచు చూశారు. వంకాయ రంగులో ఉబ్బి, కిందంతా డొల్లగా, ప్రోబు పెడితే లోపలికి జారిపోతోంది. "కల్చర్‌లో ఏమొచ్చింది?" అన్నారు. ఏమీ రాలేదు. "బాబూ, ఇక కత్తి ముట్టకండి. మీరు కోసిన కొద్దీ ఇది పెరుగుతుంది" అన్నారు.

పయోడెర్మా గాంగ్రినోసమ్. పేరులోనే చీము ఉంది, కుళ్లు ఉంది, అసలు జబ్బులో రెండూ లేవు. 1930లో దాన్ని వర్ణించిన మేయో క్లినిక్ వైద్యులే అది సూక్ష్మజీవి పని అనుకున్నారు, పొరపాటు పేరుకే అంటుకుపోయింది. చర్మానికి చిన్న దెబ్బ తగిలినా, సూది గుచ్చినా ఆ చోట కొత్త పుండు లేచే గుణం దానికి ఉంది, దాన్ని పాథర్జీ అంటాం. మా కోతలన్నీ దానికి దెబ్బలే. స్టెరాయిడ్ మొదలుపెట్టిన మూడో రోజుకి నొప్పి తగ్గి ఆయన నిద్రపోయాడు. కాలు మిగిలింది, మచ్చ మాత్రం మోకాలి నుంచి చీలమండ దాకా. ఇది చదివి ఎవరైనా నిజమైన ఫాసియైటిస్‌కి ఆపరేషన్ వద్దనడం మాత్రం చేయకండి, అక్కడ గంటల్లో కోయకపోతే మనిషి పోతాడు. కోసిన తరవాత కూడా అంచు పరుగెడుతూ, కల్చర్లు ఖాళీగా వస్తుంటే చర్మ వైద్యుణ్ణి పిలిచి అంచు నుంచి ముక్క తీయమనండి.

మెడ దగ్గర గ్రంథులతో జ్వరం వచ్చే ఆడపిల్లల్లో కికూచి జబ్బు ఇంకో మోసగత్తె. 1972లో జపాన్‌లో గుర్తించారు. సూదితో తీసిన నీడిల్ పరీక్షలో కుళ్లిన కణాలు కనబడగానే టీబీ అని ఆరు నెలల మందులు రాసేస్తారు. కికూచి ఎక్కువమందిలో కొన్ని నెలల్లో తనంతట తనే తగ్గిపోతుంది, టీబీ మందులకే తగ్గిందని అందరూ అనుకుంటారు. గ్రంథి మొత్తం తీసి చూస్తే తేడా తెలుస్తుంది.

ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలున్న వాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట: ఐదు రోజులు దాటిన జ్వరం, ఎర్రటి కళ్లు కానీ పుసి లేదు, పెదాలు పగిలి ఎర్రబడ్డాయి, జబ్బ మీద బీసీజీ మచ్చ ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బింది అంటే కవాసాకి అనే జబ్బు గురించి డాక్టరుని అడగండి. పది రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్ పడకపోతే గుండె రక్తనాళాలు ఉబ్బే ప్రమాదం ఉంది, వైద్యం లేకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి. వేలి చివర్ల తోలు ఊడే దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

మీ చెల్లి దగ్గరికే వస్తాను. స్టిల్స్ అని తేలితే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌కి జ్వరం సాధారణంగా కొద్ది రోజుల్లోనే దిగుతుంది. దిగిందని మీ అంతట మీరు ఆపేయకండి, వారాలు వాడిన స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే మనిషి కుప్పకూలుతుంది. తరవాత స్టెరాయిడ్ తగ్గించడానికి మెథోట్రెక్సేట్ ఇవ్వొచ్చు. అది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. రోజూ వేసుకుని నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి వచ్చిన వాళ్లని చూశాను. క్యాలెండర్‌లో వారంలో ఒక్క రోజు పేరు ఎర్ర ఇంకుతో చుట్టి పెట్టుకోండి. దానికీ లొంగకపోతే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది, ఖరీదు ఎక్కువ. అది వాడుతున్నప్పుడు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ పెరగదు, జ్వరం కూడా అంతగా రాదు. అప్పుడు మన జెండా కర్రే విరిగిపోయినట్టు. ఆ మందు వాడుతున్న సంగతి వెళ్లిన ప్రతి డాక్టరుకీ మొదటే చెప్పాలి.

ఇది కొందరిలో ఒక్కసారి వచ్చి పోతుంది, కొందరిలో ఏళ్ల గ్యాపుతో తిరిగొస్తుంది, కొందరిలో కీళ్లలో ఉండిపోతుంది. ఏ దారి పడుతుందో మొదటి నెలలో ఎవరూ చెప్పలేరు. అంటువ్యాధి కాదు. వంశంలో నడిచే జబ్బు కాదు. పెళ్లి మాఘంలోనా, ఫాల్గుణంలోనా అన్నది స్టెరాయిడ్ డోసు ఎంతకి దిగిందో చూసి మాట్లాడదాం. అవతలి వాళ్లకి చెప్పాలా అంటే, చెప్పండి. మెథోట్రెక్సేట్ వాడుతుంటే గర్భం రాకూడదు, పిల్లలు కావాలనుకుంటే డాక్టరుకి చెప్పి మూడు నెలల ముందే మాన్పించాలి. ఆ లెక్క తెలియాల్సింది మీకంటే ముందు ఆ పెళ్లికొడుక్కి. చెప్పేటప్పుడు మీరు కాదు, మీ చెల్లి కూర్చుని చెప్పాలి.

రేపు వెళ్లేటప్పుడు మొదటి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, కల్చర్ రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకుని, ఇవాళ్టి నుంచి రాసే ఆ నోట్‌బుక్కు పైన పెట్టండి. కొత్త కౌంట్లు రాగానే ఇక్కడే రాయండి, ముఖ్యంగా ప్లేట్‌లెట్లు.